తెలియక చేసిన నేరము

తెలియక చేసినదానికి దోషము లేదని మనవారందురు. తెలియక త్రొక్కినను నిప్పు కాలక మానదనియు మనవారే యందురు. ఈ రెండు మాటలును ఒక్క నోటనే, ఒక్కొక్కప్పుడు ఒక్క దినముననే, వినబడుచుండును. మొదటిమాట మనవాడు చిక్కులో పడినప్పుడును, రెండవమాట పరాయివాడు పడినప్పుడును చెప్పుట లోకరీతి. లోకరీతి అట్లుండనిండు. న్యాయస్థానము ఈ రెంటిలో దేనిని పట్టుకొనవలెను? మనస్సున చెడుతలంపు లేనివానిని నేరస్థుడని దండించుట ధర్మమేనా? ఇది పుస్తకములలోని ప్రశ్న మాత్రమే కాదు. చిత్తూరు, తిరుపతి ప్రాంతములందు లారీ గలవానికిని, పాలమ్ముకొనువానికిని, కొండకూలికిని ఎప్పుడైనను ఎదురుపడగల ప్రశ్న.

మన దేశపు శిక్షాస్మృతి 1860లో పుట్టినది. 2024 జూలై 1వ తేదీనుండి దాని స్థానమున భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చినది. పేరు మారినను, సెక్షనుల సంఖ్యలు మారినను, ఈ విషయమున మూలసూత్రము మారలేదు. దొంగతనమునకు కపటోద్దేశము కావలెను; హత్యకు చంపవలెనను సంకల్పమో, చచ్చునను ఎరుకయో కావలెను. న్యాయమైన పనిని తగిన జాగ్రత్తతో చేయుచుండగా దైవికముగా హాని కలిగినచో అది నేరము కాదు. ఉన్న సంగతిని పొరబడి సద్బుద్ధితో చేసినదియు నేరము కాదు. ఏడేండ్లలోపు శిశువు చేసినది ఏదియు నేరము కాదు. మనస్సు లేనిచో నేరము లేదను సూత్రము ఈ స్మృతియందు ఆద్యంతము వ్యాపించియున్నది.

అయినను పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లాండులో, యంత్రములతోడను నగరములతోడను, మరియొక జాతి చట్టములు పెరిగినవి. పాలలో నీళ్లు, రొట్టెలో పటిక, తప్పుడు తూకములు, సారాయి అమ్మకములు: వీనిలో అమ్మువాని మనస్సును రుజువు చేయవలెనన్నచో ఒక్కడును పట్టుబడడని శాసనకర్తలకు తోచినది. కావున పని జరిగినదా లేదా యని మాత్రమే విచారింపుడు, తలంపుతో నిమిత్తము లేదనిరి. అది నిరపేక్షబాధ్యత. 1884లో ఒక సారాయి దుకాణదారు, కొన్నవాడు అప్పటికే త్రాగియున్నాడని ఎరుగకపోయినను, దండితుడయ్యెను. 1895లో మరియొక దుకాణదారు, కొలువులోనున్న పోలీసు జవానునకు త్రాగుటకు పోసెను. కొలువులో నున్నాడని తెలుపు చేతిపట్టీని ఆ జవాను తీసివేసి వచ్చియుండెను. ఈ దుకాణదారు విడువబడెను. రెండును ఒక్క చట్టము క్రిందివే. న్యాయాధిపతులకే మనస్సు నిలుకడగా నుండలేదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

మన పురాణములును ఈ ప్రశ్నను ఎరుగనివి కావు. భారతములోని మాండవ్యుని కథ చూడుడు. రాజభటులు తరుముచుండగా దొంగలు ఆ ముని ఆశ్రమమున సొమ్ము దాచి, తామును దాగిరి. భటులు వచ్చి దొంగలెటు పోయిరని అడిగిరి. ముని మౌనవ్రతమున నుండెను, పలుకలేదు. వెదుకగా సొమ్ము దొరకినది. సొమ్ము ఎవనియొద్ద దొరకెనో వాడే దొంగ; మౌనమే ఒప్పుకోలు. రాజు కొరత వేయించెను. నేటి మాటలలో చెప్పినచో, స్వాధీనమునుబట్టి నేరమును నిర్ణయించుట యిదియే. పిదప మాండవ్యుడు ధర్మరాజు సభకే పోయి, నేను చేసిన పాపమేమని నిలదీసెను. చిన్ననాడు పురుగులను గడ్డిపరకతో గ్రుచ్చితివని యముడు చెప్పెను. ముని ఆ సమాధానమునకు తలయొగ్గలేదు. ఎరుగని వయస్సున చేసిన అల్పదోషమునకు ఇంత దండనమా యని న్యాయాధిపతినే శపించి, విదురుడుగా పుట్టుమనెను. పదునాలుగేండ్ల వరకు చేసినది పాపము కాదని హద్దు పెట్టెను. మెకాలే ప్రభృతులు ఏడేండ్లకు పెట్టిన హద్దును మన ముని ముందుగనే రెట్టింపు చేసియుండెను!

దీనికి ఎదుట నృగుని కథ నిలుచును. నృగమహారాజు లెక్కలేనన్ని గోవులను దానము చేసినవాడు. ఒకనికిచ్చిన గోవు తప్పించుకొని వచ్చి రాజు మందలో కలిసినది. తెలియక రాజు దానినే మరియొకనికి దానమిచ్చెను. ఇద్దరును నాది నాదని వచ్చిరి. భాగవతమున రాజు ఇద్దరిని బ్రతిమాలును, ఆ ఒక్కదానికి మారుగా లక్షగోవుల నిత్తుననును, ఎవ్వరును ఒప్పుకొనరు. రాజు మరణించి, ఊసరవెల్లియై పాడునూతిలో పడియుండును. ఇక్కడ సంకల్పము లేదు, అజాగ్రత్త లేదు, పరిహారమునకు వెనుదీయుటయు లేదు. అయినను ఫలము తప్పలేదు. త్రొక్కిన నిప్పు కాలినది. కాని రామాయణపు ఉత్తరకాండలో ఇదే కథ మరియొక విధముగ నున్నది. అక్కడ బ్రాహ్మణులిద్దరును తగవు తీర్చుమని రాజద్వారమున పెక్కుదినములు వేచియుందురు. రాజదర్శనము కాదు. విసిగి శపింతురు. రాముడు లక్ష్మణునకు ఈ కథ చెప్పుట, వ్యవహారము కోరి వచ్చినవారిని వాకిట నిలువబెట్టు రాజునకు ఏమి గతి పట్టునో తెలుపుటకే.

కథ ఒక్కటే, దోషములు రెండు. భాగవతములోని నృగుడు చేసిన పనికి శిక్ష పొందెను. రామాయణములోని నృగుడు తెలియకపోయినందుకు కాదు, తెలిసికొనుటకు తలుపు తీయనందుకు శిక్ష పొందెను. చట్టము మనస్సును విడిచిపెట్టదలచినప్పుడెల్ల ఈ రెండు పాఠములలో దేనిని అనుసరించుచున్నదో మొదట చూడవలెనని మేము తలంతుము. మొదటిది కర్మసిద్ధాంతమునకు సరిపోవునేమో, ఈశ్వరుడు దానిని నడుపుకొనగలడేమో. మానవుడు మానవునకు విధించు దండనమునకు రెండవదే తగినది.

మన సుప్రీంకోర్టు తొలినాళ్లలోనే ఈ చిక్కును ఎదుర్కొన్నది. యుద్ధకాలపు పెట్రోలు రేషను ఉత్తరువు క్రింద, గుంటూరులోని పెట్రోలు బంకులను గూర్చిన వ్యాజ్యమొకటి 1951లో దాని ముందునకు వచ్చినది. శాసనము స్పష్టముగనో, తప్పనిసరియగు భావముచేతనో దోషబుద్ధిని త్రోసిపుచ్చనంతవరకు, దోషబుద్ధి లేనివానిని నేరస్థుడనరాదను సూత్రమును ఆ తీర్పున న్యాయమూర్తులు గైకొనిరి. చూచుటకు ఇది చక్కని సూత్రమే. కాని శాసనము నోరు మెదపనప్పుడు దాని మౌనమునకు అర్థమేమి? మాండవ్యుని మౌనమునకు భటులు చెప్పుకొన్న అర్థమువలెనే దీనికిని ఎవరికి తోచినది వారు చెప్పుకొనవచ్చును.

చెప్పుకొనిరి కూడ. 1962 నవంబరు 27వ తేదీన ఒక జర్మను ప్రయాణికుడు జూరిచ్‌లో విమానమెక్కి మనిలాకు పోవుచుండెను. ఒంటినున్న చొక్కా జేబులలో 34 కిలోల బంగారముండెను. మరునాటి తెల్లవారుజామున విమానము బొంబాయిలో ఆగినది, అతడు దిగలేదు. కస్టమ్సువారు విమానములోనికి పోయి పట్టుకొనిరి. దేశముగుండా పోవు బంగారమైనను విమానపు సరకుల పట్టీలో వ్రాయింపవలెనని రిజర్వు బ్యాంకు నవంబరు 8వ తేదీన ఉత్తరువు చేసియుండెను. అది గెజెటున పడినది 24వ తేదీన. జూరిచ్‌లోనివాడు మూడు దినములలో ఢిల్లీ గెజెటును చదివియుండవలెనా? హైకోర్టు అతనిని విడిచినది. సుప్రీంకోర్టులో 1964 ఆగస్టున ఇద్దరు న్యాయమూర్తులు, దేశపు ఆర్థికరక్షణకై చేసిన శాసనమున దోషబుద్ధితో పనిలేదని శిక్షను నిలిపిరి. అనుభవించిన కాలము చాలుననిరి. మూడవ న్యాయమూర్తి ఒప్పుకొనలేదు. ఆయన కోకా సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు మనకు దూరపువారు కారు. రాజమహేంద్రవరమున పుట్టినవారు, 1954లో ఆంధ్ర హైకోర్టునకు మొదటి ప్రధాన న్యాయమూర్తి, ఆ యేడే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసినప్పుడు దానికి మొదటి చాన్సలరు. ప్రజాక్షేమమునకై చేసిన శాసనమైనంతమాత్రమున దోషబుద్ధి అక్కరలేదని ఊహింపరాదనియు, నిర్దోషిని దండించుటవలన ఆ శాసనపు ప్రయోజనము నెరవేరునని చూపవలసియుండుననియు ఆయన పక్షము. మరుసటి యేడు, 1965లో, ఆయన మాటకే బలము వచ్చినది. మధ్యప్రదేశ్‌లో ఒక ధాన్యవర్తకుడు లైసెన్సునకు దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, వచ్చినట్లేయని నమ్మి గోధుమలు నిలువచేసెను. లైసెన్సు నిరాకరింపబడినదని అతనికెవ్వరును తెలుపలేదు. సుబ్బారావుగారు అతనిని నిర్దోషియనిరి.

శాసనసభలకు ఇది రుచింపలేదు. 1967లో పార్లమెంటు నిత్యావసర వస్తువుల చట్టమున ‘తెలిసియో, ఉద్దేశించియో, మరియొక విధముగనో’ అను అర్థము వచ్చునట్లు మాటలు చేర్చి ఆ తలుపు మూసివేసినది. ఏడేండ్లకు, 1974లో, ఆ మాటలను తీసివేసి మరియొక మార్గము త్రొక్కినది: దోషబుద్ధి ఉన్నదనియే మొదట భావింతుము, లేదని నీవు రుజువు చేసికొనుము అనినది. పైకి ఇది గడుసుతనముగా కనబడును. మాకు మాత్రము ఇది మంచిమార్పుగనే తోచినది. 1967నాటి చట్టము ఆ ప్రశ్ననే నిషేధించినది. 1974నాటిది ప్రశ్నను నిలిపి, జవాబు చెప్పవలసిన భారమును మార్చినది. ఆ భారమును ఎవని నెత్తిన పెట్టవచ్చును, ఎవని నెత్తిన పెట్టరాదు అన్నదే ఇక మిగిలిన చర్చ.

బడిపంతులుపని చేయువారము గావున మాకు దగ్గరి యుదాహరణమొకటి చెప్పుదుము. నీళ్లసీసా ఒలికి ప్రక్కవాని పుస్తకము తడిసినప్పుడు పిల్లవాడు మొదట చెప్పుమాట ‘కావాలని చేయలేదండీ’ అని. అది నిజమే. పంతులు అక్కడ ఆగినచో పుస్తకము తడిసినవానికి అన్యాయము. ఆగక బెత్తమెత్తినచో ఒలికించినవానికి అన్యాయము. మూత పెట్టితివా, బల్ల అంచున ఎందుకుంచితివి అని అడిగినవాడు పంతులు. కావాలని చేయుటకును, ఏమియు చేయలేకపోవుటకును నడుమ చాల చోటున్నది; లోకములోని తప్పులలో పెక్కులు ఆ చోటనే కాపురముండును.

ఆహారకల్తీ చట్టముల చరిత్ర ఈ నడిమి చోటును కనుగొనుటకు పట్టిన కాలపు చరిత్రయే. 1954నాటి కల్తీ నిరోధక చట్టమున, అమ్మినది కల్తీయని నాకు తెలియదనుట సమాధానము కాదని వ్రాయబడినది. మన వర్తకులు ఊరకుండలేదు. ఆంధ్రప్రదేశ్ ధాన్య విత్తన వర్తకుల సంఘమువారు సుప్రీంకోర్టునకు పోయి, కొన్నదానిని కొన్నట్లే అమ్ముకొను చిల్లరవర్తకుని జైలునకు పంపుట అన్యాయమని వాదించిరి. 1970లో కోర్టు ఆ వాదమును త్రోసివేసినది. టోకుదారునియొద్ద వ్రాతపూర్వకమగు హామీ తీసికొని, సరకును సరిగా భద్రపరచి, వచ్చినది వచ్చినట్లు అమ్మినవానికి చట్టమున రక్షణ యున్నదికదా యనినది. బంగారపు ప్రయాణికుని విషయమున సుబ్బారావుగారి పక్షమున నిలిచిన మేము, ఇక్కడ కోర్టు పక్షముననే నిలుతుము. ఇందు వైరుధ్యము లేదు. ఆ ప్రయాణికునకు గెజెటు అందుబాటులో లేదు. అంగడివానికి నూనెడబ్బా అందుబాటులో నున్నది. కొన్నవానికి ఏమాత్రమును లేదు. పసిబిడ్డకు పాలుపోయు తల్లి ఆ పాలను పరీక్షచేయించి పోయగలదా? ఇద్దరిలో ఎవరో ఒకరు తెలియనితనపు నష్టమును మోయక తప్పనప్పుడు, తెలిసికొనగల శక్తిగలవాడు మోయుటయే న్యాయము.

2006నాటి ఆహారభద్రత చట్టము, 2011 నుండి ఆ పాతచట్టమునకు బదులుగా అమలైనది, ఈ మాటనే మరింత విప్పి చెప్పినది. సహేతుకమే యైనను పొరబాటు నమ్మకము సమాధానము కాదనినది. తగిన జాగ్రత్తలన్నియు తీసికొంటినని చూపగలిగినచో అది సమాధానమగుననినది. నమ్మితివా యని కాదు, చూచితివా యని అడుగుచున్నదన్నమాట. రామాయణములోని నృగుని పాఠమిది. 2024లో తిరుమల లడ్డూ నేయిని గూర్చి దేశమంతట అలజడి రేగి, అక్టోబరు 4వ తేదీన సుప్రీంకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందమును ఏర్పరచినప్పుడు, దోషులెవరో తేల్చుట మా పని కాదుగాని, ఒక విషయము మేము గమనించితిమి. రాజకీయములు విడిచి మాటలాడినవారిలో, కావలెనని చేసిరా యని అడిగినవారికంటె, లోపలికి తీసికొనుటకు ముందు చూచినవారెవ్వరు అని అడిగినవారే ఎక్కువ.

ఇంతవరకు మాకు సందేహము లేదు. సందేహమంతయు ఎర్రచందనపు లారీతో మొదలగును.

ఎర్రచందనము ప్రపంచమున సహజముగా పెరుగుచోటు మన శేషాచలము, వెలిగొండ, లంకమల, పాలకొండల ప్రాంతమే. దీనికి చైనా, జపాను దేశములలో గిరాకి. పెరుగుటకు దశాబ్దములు పట్టును. కొట్టివేయుటకు ఒక్క రాత్రి చాలును. కావున చట్టము కఠినముగ నుండుట వింత కాదు. 2016లో శిక్షలు ఇంకను పెంచబడినవి. 1967నాటి ఆంధ్రప్రదేశ్ అటవీచట్టము క్రింద దుంగలు మోసిన బండిని అటవీ అధికారి జప్తు చేయవచ్చును. ఈ జప్తునకును కోర్టులోని క్రిమినలు విచారణకును సంబంధము లేదని, రెండును వేరువేరు దారులని, 1985లో మన రాష్ట్రపు వ్యాజ్యముననే సుప్రీంకోర్టు చెప్పినది. లారీ యజమానునకు ఒక్క రక్షణ కలదు: తనకును, తన ఏజెంటునకును, బండిని నడుపుచున్నవానికిని తెలియకయే ఇది జరిగినదనియు, వీరందరును తగిన జాగ్రత్తలు తీసికొనిరనియు అతడు రుజువు చేయవలెను.

ఇందలి మెలికను పాఠకులు గమనింపవలెను. దుంగలు ఎక్కినట్లు డ్రైవరునకు తెలియకుండుట అరుదు. డ్రైవరునకు తెలిసియున్నచో యజమానుని అమాయకత్వమునకు విలువ లేదు. ఊరిలో నిద్రపోవుచున్నవాడు అడవిలో జరిగినదానికి లారీని పోగొట్టుకొనును. ఇది ధర్మమా? మనుస్మృతిలోని వర్ణభేదపు దండనీతిని మేము ఏనాడును అంగీకరించినవారము కాము. ఐనను ఆ గ్రంథమున బండిప్రమాదములను గూర్చిన భాగము నిష్పక్షముగ చదువదగినది. ముకుత్రాడు తెగినను, కాడి విరిగినను, ఇరుసో చక్రమో విరిగినను, తొలగుడని బండివాడు కేకవేసియున్నను దండనము లేదు. బండివాడు పనిరానివాడై హాని జరిగినచో యజమానునకు రెండువందల పణముల దండనము. బండివాడు నేర్పరియైనచో దండనము బండివానికే. నేర్పులేనివానిని ఎంచుకొనుట యజమానుని తప్పు. నేర్పరి చేసినది ఆతని సొంతతప్పు. మన అటవీచట్టము ఈ రెండవ భేదమును పాటింపలేదు. పదిలారీలు గలవాడు ఒకటి పోయినను నిలుచును. వాయిదాలమీద ఒక్క లారీ కొన్నవానికి లారీయే పొలము, లారీయే ఇల్లు. డ్రైవరు దొంగబుద్ధిని ముందుగా కనిపెట్టుటకు అతనికి గల సాధనమేమి? డ్రైవరును ఎట్లు ఎంచుకొంటివి, బండి ఎక్కడ తిరుగుచున్నదో చూచుకొంటివా యని అతనిని అడుగవలెను. జవాబు సరిగానున్నచో బండి నీయవలెను. అయినను ఒక్కమాట: లారీ పోవుట నష్టమే కాని కళంకము కాదు. తెలియనితనమునకు సొమ్ముతో చెల్లింపుమనుట ఒకటి, జైలులో పెట్టి దొంగయని పేరుపెట్టుట మరియొకటి. మొదటిదానిని కొంతవరకు సహింతుము. రెండవదానిని ఏ ప్రజాక్షేమము పేరనైనను సహింపము.

ఇక కూలి. జవ్వాది కొండలనుండియు, తమిళదేశపు ఇతర కొండలనుండియు గొడ్డళ్లు పట్టి వచ్చు కూలీలు ఏమియు ఎరుగనివారని మేము చెప్పబోము. రాత్రివేళ దొంగదారిని కొండయెక్కువానికి తాను చేయునది అనుమతిగల పని కాదని తెలియును. కాని ఎంత తెలియును? మేస్త్రీపని యని పిలుచుకొని వచ్చిరని కొందరనుట కలదు. అది కొందరి విషయమున నిజమును, కొందరి విషయమున బొంకును కావచ్చును. కొందరు తెలిసియే అప్పు తీర్చుకొనుటకు వచ్చియుందురు. ఒక్కొక్కని మనస్సు ఒక్కొక్క విధము. దానిని వేరుచేసి చూచుటకే సాక్షులు, అడ్డుప్రశ్నలు, న్యాయాధిపతి. దోషబుద్ధిని రుజువు చేయవలెననుట నేరస్థునిపై దయచేత పెట్టిన నియమమని చాలమంది భ్రమ. అది అడుగక దండింపరాదని ప్రభుత్వమునకు పెట్టిన నియమము.

2015 ఏప్రిల్ 7వ తేదీ వేకువన, చంద్రగిరి చేరువ శేషాచలపుటడవిలో, ఎర్రచందనపు కార్యదళము కాల్పులలో ఇరువదిమంది మరణించిరి. ఎక్కువమంది తిరువణ్ణామలై, ధర్మపురి జిల్లాలవారు. రాళ్లతోడను గొడ్డళ్లతోడను మీదపడగా ఆత్మరక్షణకై కాల్చితిమని దళమువారు చెప్పిరి. పట్టుకొనివచ్చి కాల్చిరని పౌరహక్కుల సంఘములవారు చెప్పిరి. ఈ రెంటిలో ఏది నిజమైనను, ఆ ఇరువదిమందిలో ఎవనికి ఏమి తెలిసియుండెనో విచారించు అవకాశము ఏ న్యాయస్థానమునకును మిగులలేదు. మాండవ్యుడు కొరతమీదనుండి బ్రతికి దిగి, ప్రశ్నించుటకు ధర్మరాజు సభకు పోగలిగెను.

ఎర్రచందనము కొట్టుమని చెప్పినవాడు అడవికి రాడు. దుంగను ముట్టడు, లారీ ఎక్కడు. సొమ్ము మాత్రము పుచ్చుకొనును. స్వాధీనమునుబట్టి నేరమును నిర్ణయించు చట్టమున అతనియొద్ద ఎన్నడును ఏమియు దొరకదు. అతనిని పట్టగలిగినది సంకల్పమును వెదకు పాతసూత్రమొక్కటే. ఏలయనగా ఆ వ్యవహారమున అతనిది అనదగినది ఆ సంకల్పమొక్కటే. ఆ ఇరువదిమందిలో ఒక్కడైనను సజీవముగా బోనున నిలిచియుండినచో, న్యాయాధిపతి అతని నడిగియుండదగిన మొదటిప్రశ్న, నిన్ను పిలిపించినదెవరు, బయానా యిచ్చినదెవరు అని.